పద్నాలుగో బ్యాచ్ గింజలు

అక్టోబరు 2

ఈ పుస్తకం మా ఫ్యాక్టరీలో సెగావా గారు ఇచ్చారు. గళ్ళు తప్పుగా అచ్చయ్యాయని రికార్డు పుస్తకాల కట్ట ఒకటి పారేయబోతుంటే గింజలేరే ఆడవాళ్ళం తలా ఒకటి తెచ్చుకున్నాం. అందరూ పిల్లలు బొమ్మలు గీసుకోవడానికి అన్నారు. నేనూ అదే అన్నాను. మా సయోకి మూడేళ్ళు. నాకోసమే అని చెప్పడానికి సిగ్గేసింది.

నేను బడికి సరిగ్గా పోయింది నాలుగేళ్ళే. తర్వాత తమ్ముణ్ణి వీపున కట్టుకుని సముద్రపు నాచు ఆరబెట్టడంతోనే సరిపోయింది. రాస్తూ ఉంటే చెయ్యి తిరుగుతుందని మా ఆయన అంటూ ఉంటారు. ఆయన నా వస్తువులు ముట్టుకోరు. ఇక్కడ ఏదైనా రాయొచ్చు.

ఈ రోజు ఏమీ జరగలేదు. పద్నాలుగో బ్యాచ్ ఏరాం. లోహం పట్టాక నీలం తిరిగిన మట్టి పుల్లముక్కలు, పెన్సిల్ ములుకంత లావు. సెగావా గారు వాటికి పెద్ద పేరేదో చెబుతారు గానీ మేమంతా గింజలనే అంటాం. విరిగినవీ పగిలినవీ ఒక పక్కకి, నున్నగా ఉన్నవి ఇంకో పక్కకి. ఈ బ్యాచ్ వెళ్ళేది ఆయన పనిచేసే నూనె శుద్ధి కర్మాగారానికే. కాలవకి ఇటు మేం, అటు వాళ్ళు.

గింజలకి మట్టి పిసికే పిండి గది నుంచి తోమె గారు వచ్చి నా వెనక నిలబడ్డారు. "ఏవమ్మా నిషివాకి పెళ్ళామా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? పొద్దున్నించీ చూస్తున్నా, ఒక్క ముక్క మాట్లాడవే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెప్పాలో ఇంటికొచ్చాక తోచింది.

అక్టోబరు 9

గింజలు లారీల్లో వెళ్ళాయి. ఆయన భోజనం దగ్గర, "మీ గింజలు వచ్చాయి. బస్తా విప్పితే నీ చేతి వాసన కొట్టింది" అన్నారు. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఇలాంటివి అంటే ఎటు చూడాలో తెలియదు.

ఐదంతస్తుల ఎత్తు ఇనప బుడ్డి అట. పైనుంచి గుడ్డ గొట్టంలోంచి గింజలు జారవిడుస్తారు. లోపల మనుషులు నిలబడి గుట్ట పడకుండా సమంగా సర్దుతారు. గింజలు నలగకుండా కాళ్ళకి చెక్కలు కట్టుకుంటారు, మా వైపు మంచులో నడిచేవాళ్ళలాగా.

"ఇంక వారంలో గంధకం పట్టించాలి" అన్నారు.

"గంధకం తీసేయడానికి కదండీ ఆ గింజలు?"

"అందుకే ముందు పట్టించాలి. ఖాళీ కడుపుతో ఉన్న గింజ పనిచెయ్యదు. నూనెలో గంధకం మందు కలిపి, హైడ్రోజన్ పంపి, నెమ్మదిగా వేడి చేస్తాం. గింజలు కడుపు నిండా తాగాక మిగిలింది కింద నుంచి బయటికొస్తుంది. అది వస్తే గాజుగొట్టంలోని తెల్లపొడి రంగు మారుతుంది. దాన్ని చూసేది ఎవరనుకున్నావ్?"

"ఎవరండీ?"

"నేనే."

పెద్దగా చెప్పలేదు గానీ, రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

అక్టోబరు 16

అక్షరాలు కుదురుగా రావడం లేదు.

మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి సయో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. భుజాలు పైకీ కిందికీ. గొంతులో ఈల. కర్మాగారం పొగ గాలికి ఇటు తిరిగిన రోజు దగ్గు వస్తూనే ఉంటుంది, కానీ ఇలా ఎప్పుడూ లేదు. పెదాలు వంకాయ రంగు. పక్కింటి మురాకోషి పిన్నిగారు, "చూస్తావేం అమ్మాయ్! మీ ఆయనకి ఫోన్ చెయ్యి! నేను పిల్లని పట్టుకుంటా" అని గసిరారు.

నేను ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు. ఆవిడే నంబరు తిప్పి నా చేతిలో పెట్టారు. అటువైపు గేటు కాపలాదారు. "ఎవరూ? గట్టిగా చెప్పండి!" అన్నాడు. నేను అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

ఆయన సైకిల్ మీద వచ్చారు. హెల్మెట్ కూడా తియ్యలేదు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి సయో నారింజపండు తింటోంది. వేడినీళ్ళ ఆవిరి పట్టేసరికి పిన్నిగారి ఒళ్ళోనే ఊపిరి కుదుటపడింది. తొన ఒకటి నాన్నకి చాపింది.

ఆయన తిట్టలేదు. వీపు నిమిరి, కాసేపు కూర్చుని, వెళ్ళిపోయారు. అనవసరంగా పిలిచాను.

అక్టోబరు 17

ఆయనకి పన్ను నొప్పట. అన్నం ముట్టలేదు.

అక్టోబరు 19

ఆదివారం. స్నానానికి వెళ్తూ గుమ్మంలో ఆగి అడిగారు:

"ఆ రోజు నేను ఇంట్లో ఎంతసేపున్నాను?"

"గంట ఉంటారు."

"గంటెక్కడ? అరగంట."

"సరేనండీ, అరగంట."

అరగంటేనేమో. నేను గడియారం చూడలేదు.

అక్టోబరు 24

పన్ను తగ్గలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే, "పన్నేమిటి?" అన్నారు. తర్వాత, "ఆఁ, వెళ్తాలే" అన్నారు.

ఉతికిన బట్టలు రెండుసార్లు మడతపెట్టాను.

అక్టోబరు 30

మధ్యాహ్నం భోజనాల దగ్గర సెగావా గారు మాతో కూర్చున్నారు. పాతికేళ్ళు దాటవు, ఇంజనీరు, మాతో కలిసి తింటారు. తోమె గారు ఊరుకోరు కదా. "ఏం బాబూ, ఎనిమిదేళ్ళుగా ఈ తెల్లమట్టి పిసుకుతున్నాను, అది లోపల ఏం చేస్తుందో ఎవడూ చెప్పడు" అన్నారు.

సెగావా గారు చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను. నూనెలో గంధకం చక్కెరలా ఊరికే కలిసి ఉండదట. నూనె కణాలని రెండు చేతులా పట్టుకుని కూర్చుంటుందట. మన గింజ చూడ్డానికి పుల్లే గానీ లోపలంతా కంటికి కనపడని గుహలు. ఒక గుప్పెడు గింజల్లోని గుహల గోడలు విప్పి పరిస్తే మా ఫ్యాక్టరీ ఆవరణ కూడా చాలదట. ఆ గోడల మీద లోహమూ గంధకమూ కలిసిన సన్నని రేకులుంటాయి. రేకు అంచున అక్కడక్కడ ఒక పీట ఖాళీగా ఉంటుంది. నూనెలోని గంధకం వచ్చి ఆ పీట మీద చతికిలబడుతుంది. హైడ్రోజన్ వచ్చి దాన్ని లేవదీసి తనతో తీసుకుపోతుంది. నూనె తేలికై వెళ్ళిపోతుంది. పీట మళ్ళీ ఖాళీ. గింజ మాత్రం అరగదు.

"అంటే సత్రం అన్నమాట" అన్నారు తోమె గారు. "వచ్చినవాడు దిగుతాడు, పొద్దున్నే పోతాడు, సత్రం అక్కడే ఉంటుంది."

"అదే తోమె గారూ. మా ప్రొఫెసర్ కూడా ఇంత బాగా చెప్పలేదు."

"మరి ఆ జీతమేదో నాకిప్పించు."

నవ్వులయ్యాక ఇంకొకటి చెప్పారు. మనం పంపేటప్పుడు గింజలో ఆ రేకులుండవట. అక్కడ గంధకం పట్టించినప్పుడే పుడతాయట. గంధకం అందకముందే వేడి పెరిగిందా, హైడ్రోజన్ లోహాన్ని ముద్ద చేసేస్తుంది. తర్వాత ఎంత గంధకం పోసినా ఆ ముద్ద విడదు, పీటలు రావు. "అందుకే అక్కడ అరగంటకోసారి గాజుగొట్టం చూస్తారు" అన్నారు.

నేను లేచి జల్లెడలు కడగడానికి వెళ్ళాను. తోమె గారు వెనక నుంచి, "కడిగినవే ఎన్నిసార్లు కడుగుతావే!" అని అరిచారు.

ఈ రోజు గాలి చల్లగా ఉంది.

నవంబరు 4

తోమె గారు నన్ను పిండి గదిలోకి పిలిచి చూపించారు. సెగావా గారు కొత్త అచ్చు చేయించారు. దానిలోంచి వచ్చే పుల్లని అడ్డంగా కోస్తే మూడు రేకుల ఆకులా ఉంటుంది. గుండ్రటి పుల్ల అయితే నూనె దాని మధ్యదాకా పోయే లోపలే సగం పని అయిపోతుందట, మధ్యభాగం దండగ. ఇలా అయితే అంచు ఎక్కువ, లోతు తక్కువ.

ఇది బాయిలర్లలో మండించే చిక్కటి నూనె కోసం. మా ఇళ్ళ మీదికి వచ్చే పొగ ఆ నూనెదే. అందులో లోహాలు కూడా ఉంటాయి, అవి గుహల నోళ్ళకి అడ్డం పడి మూసేస్తాయి. నోళ్ళు వెడల్పు చెయ్యాలి. వెడల్పు చేస్తే గింజ పెళుసవుతుంది. నీళ్ళు ఎంత, ఆమ్లం పులుపు ఎంత, ఎంతసేపు పిసకాలి అన్నది తోమె గారి చేతికే తెలుసు. మొగుడితో కలిసి ఇరవయ్యేళ్ళు నూడుల్స్ దుకాణం నడిపిన చెయ్యి. మిషన్ ఆపించి, పిండి గిల్లి, చెవి తమ్మె పట్టుకుని చూసుకుంటారు. "ఇదిగో, ఇంత మెత్తన" అని నా చెవి కూడా పట్టుకున్నారు.

"ఇది కుదిరితే నీ కూతురు దగ్గకుండా నిద్రపోతుంది. కుదరకపోతే నా చెయ్యి నరుక్కుంటా" అన్నారు.

సంతోషంగా రావాల్సింది. కాలవ గట్టు మీద ఇంటికి చేరడానికి గంట పట్టింది. ఎందుకో వంతెన దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను.

నవంబరు 8

పద్నాలుగో బ్యాచ్ పనికిరాదట.

అటునుంచి కబురు వచ్చింది. ఏడాది ఆడాల్సిన గింజలు మూడు వారాలకే ముసలివైపోయాయట. అంతే గంధకం తియ్యాలంటే రోజూ వేడి పెంచుకుంటూ పోవాలి, ఇలాగే పోతే కొత్త ఏడాది రాకముందే బుడ్డి ఆపాలి. గింజలదే లోపం అంటున్నారు. మా మేనేజరు రికార్డులు తీయించారు. పద్నాలుగో బ్యాచ్ నీళ్ళ కొలత గడి ఖాళీగా ఉంది.

"ఎందుకు రాయలేదు?" అని అడిగారట.

"చేత్తో చూసి పోస్తాను. చేతికి గీతలుండవు రాయడానికి" అన్నారట తోమె గారు. అలా అనకుండా ఉండాల్సింది.

సెగావా గారు ముఖం వేలాడేసుకుని మా బల్ల దగ్గరికి వచ్చారు. నేను ఏరుతూనే అడిగాను. పరాయి మగవాళ్ళతో నా అంతట నేను మాట్లాడింది ఇదే మొదటిసారి.

"అక్కడ... గంధకం పట్టించినప్పుడు ఏమైనా..."

"అదీ అడిగామమ్మా. వాళ్ళ చిట్టా పంపారు. పదహారో తారీఖు రెండున్నరకి గొట్టం రంగు మారింది, మూడింటికి ఇంకా ముదిరింది. అది చూశాకే వేడి పెంచారు. వాళ్ళ తప్పేం లేదు."

నవంబరు 9

అక్టోబరు పదహారు గురువారం.

నవంబరు 12

తోమె గారిని పిండి గది నుంచి తీసేశారు. ఈ రోజు పెరట్లో బస్తాలు దులుపుతున్నారు. మా కిటికీలోంచి కనపడతారు. నేను ఇటువైపు కుర్చీకి మారాను. ఎండ కళ్ళలో పడుతోందని చెప్పాను.

నవంబరు 13

మబ్బు.

నవంబరు 16

ఆదివారం. సయోని తీసుకుని సముద్రపు గోడ దాకా వెళ్ళాం. గాలి సముద్రం మీదినుంచి వస్తోంది కాబట్టి సయో పరిగెత్తింది. అది గవ్వలేరుకుంటూ కాస్త దూరం వెళ్ళాక అడిగాను.

"ఏమండీ."

"ఊఁ."

"గొట్టం రంగు మారిందాండీ?"

ఏ గొట్టం అని అడగలేదు.

"రెండింటికి తెల్లగానే ఉంది" అన్నారు. "ఏ నిమిషమైనా మారాలి. లెక్క ప్రకారం రెండున్నరకి మారి తీరాలి. అప్పుడే గేటు దగ్గర్నుంచి కబురొచ్చింది, పిల్లకి ఊపిరాడట్లేదని. రెండు గళ్ళూ నింపి, నా పేరు ముద్ర వేసి వచ్చేశాను. తిరిగి వెళ్ళి చూస్తే పంపు ఆడుతోంది గానీ గంధకం మందు పోవట్లేదు. లోపల గాలి చేరింది. నా అంకెలు చూసి పైన కంట్రోల్ రూములో అప్పటికే వేడి పెంచేశారు. గాలి తీసి పంపు సరిచేశాను. నాలుగింటికి గొట్టం నిజంగానే మారింది. ఇంక అంతా సవ్యంగానే ఉంటుందనుకున్నాను."

"చెప్పకూడదా?"

"చెబితే? ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో ఇల్లు, ఇంటితో కంపెనీ ఆసుపత్రి. దీన్ని ఎక్కడికి తీసుకెళ్తావ్ రేపు పెదాలు నల్లబడితే?"

"తోమె గారిని తీసేస్తారండీ."

"తోమె ఎవరు?"

"పిండి కలిపే ఆవిడ."

"అది పెద్ద కంపెనీ, ఫుసాయే. ఆవిడకి ఇంకో పని చూపిస్తారు."

సయో తడికాళ్ళతో వచ్చింది. ఆయన ఎత్తుకున్నారు. నువ్వు ఫోన్ చెయ్యకపోతే ఇదంతా లేదు అని ఆయన అనలేదు. నేనే అనుకున్నాను.

లేదు. అన్నారు. నెమ్మదిగా అన్నారు, కానీ అన్నారు.

నవంబరు 21

ఒక దారి ఉందనుకున్నాను. ప్రతి బ్యాచ్‌లోంచీ ఒక సీసా నిండా గింజలు తీసి దాచిపెడతారు. పద్నాలుగోది కూడా ఉంది. సెగావా గారు దాన్ని చిన్న గొట్టంలో పోసి, గంధకం పట్టించి, నాలుగు రోజులు నూనె నడిపారు. బ్రహ్మాండంగా పనిచేసింది! మా బల్లంతా చప్పట్లు కొట్టింది. పెరట్లోంచి తోమె గారు, "ఏం, ఎవరికైనా కొడుకు పుట్టాడా?" అని అరిచారు. నేను ఇంటికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాను. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఎవరి ఉద్యోగమూ పోదు.

నవంబరు 25

అటువాళ్ళు ఒప్పుకోలేదు. సీసాలో గింజలు ఎవరు ఎంచారని అడిగారట. సీసాకి అందమైన గింజలే ఎంచి పెడతామని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. చుట్టాలొస్తే పగలని పళ్ళేలు తీసినట్టు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు, మొదట్నించీ అలాగే చేస్తాం. సీసా చీటీ మీద ఎంచిన మనిషి ముద్ర ఉంటుంది.

పద్నాలుగో బ్యాచ్ సీసా నేనే ఎంచాను. ఒక్కొక్క గింజా వెలుగుకి పెట్టి చూసి మరీ ఎంచాను.

నవంబరు 28

మూడు రేకుల గింజ పని ఆపేశారు. పిండి గదికి కొత్తగా వచ్చినవాడు గడియారం చూసి, కొలిచి నీళ్ళు పోశాడు. ఎండేసరికి అన్నీ నిలువునా చీలిపోయాయి. సెగావా గారు చీలికలు గుప్పిట్లో పట్టుకుని పెరటి దాకా వెళ్ళి, తోమె గారిని ఏదో అడగబోయి, మేనేజరు కిటికీ వైపు చూసి వెనక్కి వచ్చేశారు.

సయోకి రెండు రోజులుగా ఈల.

నవంబరు 29

తోమె గారు నా కుర్చీ పక్కకి వచ్చి కూర్చున్నారు. బస్తాల దుమ్ముకి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ముల్లంగి ఊరగాయ నా డబ్బాలో పెట్టి, "తిను. నీకేమైందే, నీలుక్కుపోతున్నావు. తీసేసేది నన్నా నిన్నా?" అన్నారు.

తర్వాత చేతులు తిప్పి చూసుకుంటూ అన్నారు: "నిజంగా నీళ్ళెక్కువ పోశానేమో. వయసొచ్చింది. చెయ్యి మొద్దుబారిందేమో. నాకు తెలియడం లేదు."

నేను ఊరగాయ తిన్నాను.

డిసెంబరు 1

ఆయనతో మళ్ళీ మాట్లాడాలని పొద్దున బూట్లు తుడుస్తూ కూర్చున్నాను. మాట్లాడలేదు. బూట్లు బాగా మెరిశాయి.

డిసెంబరు 3

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే మార్చేస్తాను.

పది గంటలకి అటునుంచి ముగ్గురు వచ్చారు. పైగదిలో సమావేశం. తోమె గారిని కూడా పిలిచారు, సంజాయిషీ కాగితం మీద ముద్ర వేయించడానికి. టీ ఇచ్చే వంతు ఈ వారం మా బల్లది. మిగతావాళ్ళు, "నువ్వెళ్ళు ఫుసాయే, నీదైతే చప్పుడే ఉండదు" అన్నారు.

ఎనిమిది గ్లాసులు. తోమె గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, కుర్చీ ఇవ్వలేదు. తలగుడ్డ తీసి చేతిలో నలుపుతున్నారు. ఆవిడ జుట్టు అంత తెల్లగా ఉంటుందని నాకు తెలియదు.

మేనేజరు కాగితం చదివారు. నీళ్ళ కొలత పాటించనందువల్ల అని ఉంది. తోమె గారు తలూపారు. ఆవిడ! మాటకి రెండు మాటలు అనే మనిషి. జేబులోంచి తన పేరు చెక్కిన చిన్న ముద్ర తీసి, కొన మీద నోటి ఆవిరి ఊదుతున్నారు.

అటువాళ్ళ పెద్దమనిషి ముందు గ్లాసు పెట్టడానికి వంగాను. ఆయన మోచేతి కింద చిట్టా తెరిచి ఉంది. పదహారో తారీఖు. అక్షరాలన్నీ నాకు రావు. మా ఇంటిపేరు వస్తుంది. రెండున్నర వరస చివర ఎర్రగా, గుండ్రంగా నిషివాకి. మూడింటి వరసలో నిషివాకి. ఆ ముద్ర ఇంట్లో ఏ సొరుగులో ఉండేదో, దాని అంచు ఎక్కడ కాస్త అరిగిందో నాకు తెలుసు.

పళ్ళెం బల్ల మీద పెట్టేశాను. చప్పుడైంది. అందరూ చూశారు.

"ఈ ముద్ర వేసిన మనిషి ఆ టైముకి అక్కడ లేరు" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను. ఫోన్లో అరిచినట్టు అరిచాను. "రెండున్నరకీ మూడింటికీ ఈయన మా ఇంట్లో ఉన్నారు. పిల్లకి ఊపిరాడక నేనే పిలిచాను. గొట్టం చూడలేదు. రెండింటికి తెల్లగానే ఉందట."

"అమ్మా, మీరెవరు?" అన్నాడు ఆ పెద్దమనిషి.

"నిషివాకి భార్యని."

సెగావా గారు లేచి నిలబడ్డారు. చిట్టా తన వైపు లాక్కుని, గళ్ళ మీద వేలు పెట్టి, "రెండు నలభైకి వేడి పెంచారు" అని నెమ్మదిగా చదివారు. తోమె గారు ముద్రని తిరిగి జేబులో వేసుకున్నారు. నా వైపు చూశారు. నేను మిగిలిన గ్లాసులు కూడా అందరికీ పెట్టి వచ్చాను.

కిందికి రాగానే, సెలవు అడగకుండానే వంతెన దాటి మా ఆయన కర్మాగారం గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన వేరేవాళ్ళ నోట వినకూడదు. షిఫ్టు వదిలేదాకా నిలబడ్డాను. సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు, నన్ను చూసి పరిగెత్తారు.

"సయోకేమైంది?"

"సయో బాగానే ఉంది. నేను చెప్పేశానండీ."

"ఎవరితో?"

"గదిలో ఉన్న అందరితోనూ."

ఆయన సైకిల్ బెల్లు మీద బొటనవేలు పెట్టి, మోగించకుండా అలాగే ఉంచారు. జనం మా ఇద్దరికీ అటూ ఇటూ పోతున్నారు. కొడతారేమో అనుకున్నాను. ఎప్పుడూ కొట్టలేదు.

"నువ్వు?" అన్నారు. "నువ్వు మాట్లాడావా?"

తర్వాత సైకిల్ హ్యాండిల్ నా చేతుల్లో పెట్టి, "నేను చెప్పాల్సింది నేను చెప్పాలిగా" అని లోపలికి తిరిగి వెళ్ళిపోయారు. నాకు సైకిల్ తొక్కడం రాదు. నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను.

డిసెంబరు 4

ఆయన అన్నం తనే వడ్డించుకుని తిని వెళ్ళారు.

డిసెంబరు 9

ఆయన్ని తీసెయ్యలేదని మురాకోషి పిన్నిగారు చెప్పారు. ట్యాంకులకి తుప్పు గీకి రంగు వేసే పనిలో పెట్టారు. ఇల్లు మార్చి నెల దాకా ఉంచుతారట. ఆ తర్వాత చూస్తామన్నారట. చూస్తామంటే ఏమిటో ఆయనా అడగలేదు. బుడ్డి ఆపి పద్నాలుగో బ్యాచ్ తవ్వి తీసేటప్పుడు లోపలికి దిగేవాళ్ళలో తన పేరు తనే రాయించుకున్నారు. లోపల గాలి ఉండదు, నైట్రోజన్ నింపుతారు. గాలి తగిలితే ఆ గింజలు నిప్పు రాజుకుంటాయట. ముసుగుకి గొట్టం తగిలించుకుని, పారతో తవ్వి తియ్యాలి.

"వేరేవాళ్ళు లేరా?" అని ఆయన్నే అడిగాను.

"ఉన్నారు" అన్నారు. వారంలో నాతో అన్న మొదటి మాట.

డిసెంబరు 11

తోమె గారిని పిండి గదికి పంపారు. మూడు రేకుల గింజ మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఆవిడ నీళ్ళు పోస్తుంటే సెగావా గారు పక్కన నిలబడి కొలిచి రాసుకుంటున్నారు. "రాసుకో బాబూ, నేను చచ్చాక దాన్నే పిసుక్కో" అని ఆవిడ గొంతు మా బల్ల దాకా వినిపిస్తోంది. అందరూ నవ్వారు. నాతో ఎవరూ నవ్వలేదు. మొగుణ్ణి పట్టించిన ఆడది అని అంటున్నారు, నేను వినేలాగానే.

సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే తోమె గారు వచ్చి పక్క కుళాయి తిప్పారు. నేను వంగి క్షమించమన్నాను. ఇంకా వంగాను. ఆవిడ మోచేతుల దాకా తెల్లమట్టి రుద్దుకుంటూనే ఉన్నారు.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?" అన్నారు.

"నవంబరు ఎనిమిది నుంచి."

వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "ఇరవై అయిదు రోజులు" అన్నారు. "పక్కన కూర్చుని నా ఊరగాయ తిన్నావు. నా చెయ్యి పాడైపోయిందని నీతో చెప్పుకున్నాను. అప్పుడు కూడా తెలుసన్నమాట."

"తెలుసు."

"మొగుణ్ణి కాపాడుకున్నావు, తప్పు లేదు. నేనైనా అదే చేద్దును. కానీ నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది చూడు, ఇరవై అయిదు రోజులు. అది నువ్వు తిరిగి ఇవ్వలేవు." కుళాయి కట్టేశారు. "సరే. ఎనిమిది. కనీసం తేదీ అబద్ధం చెప్పలేదు. పో, నీ పిల్ల చూస్తూ ఉంటుంది."

డిసెంబరు 12

పొద్దున్న సయో బాగానే ఊపిరి తీసుకుంది. పనికి వెళ్ళేముందు ఈ పుస్తకం మొదటినుంచీ చదివాను.

నవంబరు ఎనిమిది కాదు. అంతకు ముందే తెలుసు. ఎంత ముందు అన్నది ఒక్కొక్క పేజీ తిప్పుతుంటే ఇంకా వెనక్కి పోతోంది. రాసింది నేనే, చూడకుండా రాశాను.

తోమె గారు ఏడున్నరకల్లా పిండి గదిలో ఉంటారు. మిషన్ మొదలుపెడితే ఏమీ వినపడదు. ముందే వెళ్ళి చెప్పాలి.